రజని పేరు చెప్పిందెవరు?

పోయిన వారం మనం కోరుట్లలో, వజ్రమ్మ గుమ్మం దగ్గర ఆగిపోయాం. ఎర్ర సంచీ భుజాన వేసుకుని ఒకావిడ వచ్చింది. పేరు శాంత అంది, జగిత్యాల నుంచి వచ్చానంది. మంచినీళ్లడిగి తాగి, తాపీగా "పిల్లలెంతమంది అక్కా?" అంది. వజ్రమ్మ కన్నార్పకుండా "ఒక్కడే కొడుకు, ఖతర్ల ఉంటడు" అని చెప్పేసింది. లోపల కూర్చుని బీడీ కట్టలకు దారం చుడుతున్న ఇరవై మూడేళ్ల కూతురు ఆ మాట విన్నది. "మరి ఆమె ఎవలు?" అని శాంత చూపిస్తే, "మా చెల్లె బిడ్డ. సుట్టపుసూపుగ వచ్చింది" అని ఇంకో అబద్ధం. శాంత వాదించలేదు. గేటు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, "శుక్రవారం జగిత్యాలల మీటింగు పెట్టినం. రజనిని తీసుకొని రా అక్కా" అని వెళ్లిపోయింది.

ఆ ఇంట్లో ఆ పూట రజని పేరు ఎవరూ పలకలేదు. మరి ఆ పేరు ఆమెకు ఎవరు చెప్పారు?

వజ్రమ్మకు ఆ క్షణం నుంచి అన్నం సయించడం మానేసింది. ఆమె అనుమానం ఊరికే పుట్టింది కాదు. కొడుకు దివాకర్‌కు బోయినపల్లిలో సంబంధం కుదిరింది. పిల్ల పేరు నవ్య. ఎండాకాలంలో వాడు సెలవు మీద రాగానే పెళ్లి. బోయినపల్లి వాళ్లకు వజ్రమ్మ చెప్పిందేమంటే, భర్త సాయిలు తాటిచెట్టు మీంచి పడి చనిపోయాడని, తనకున్నది ఒక్కడే కొడుకని. పుట్టుకతోనే నలుగురిలో వేరుగా కనబడే రజని సంగతి ఎత్తలేదు. ఎత్తితే, ఆ రక్తంలోనే ఏదో ఉందనుకుని పిల్లనివ్వరని భయం.

ఆ ప్రాంతంలో పైకి ఎన్ని మాటలు నడిచినా, లోపాయికారీగా ఆరా తీయకుండా ఏ సంబంధమూ ఖాయం కాదు. ఆరా తీసేవాడు ఆరా తీస్తున్నానని చెప్పి రాడు. కిరాయి గది అడుగుతూ వస్తాడు, స్టీలు గిన్నెలమ్ముతూ వస్తాడు. అంతెందుకు, వజ్రమ్మే తన తమ్ముడు మైసయ్యను బోయినపల్లికి బర్రెను కొనేవాడిలా పంపింది. మైసయ్య ఎంత బాగా బేరమాడాడంటే, పిల్ల తండ్రి పక్కింటాయన నిజంగానే బర్రెను విప్పి చేతికి తాడు ఇవ్వబోయాడు. ఆ తాడు తప్పించుకుని వచ్చేసరికి మైసయ్యకు ముచ్చెమటలు పోశాయి. అలాంటి మనిషిని పంపిన అక్కకు, మంచినీళ్లడిగిన ఆడమనిషి మీద అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? శాంత బోయినపల్లి వాళ్లు పంపిన మనిషేనని ఆమె ఖాయం చేసేసుకుంది.

ఇక మిగిలింది, ఇంటిగుట్టు బయటపెట్టిందెవరన్నది. ముందుగా అనుమానం పక్కింటి మొగిలవ్వ మీదకు పోయింది. ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకే అరుగు మీద బీడీలు చేస్తున్నవాళ్లు. వజ్రమ్మ చాట ఒళ్లో పెట్టుకుని, ఆకు మడుస్తూ, మొహం చూడకుండా మొదలుపెట్టింది.

"మొగిలీ, ఈ నడుమ బోయినపల్లి దిక్కు ఎవలన్న కలిసిండ్రా నీకు?"

"బోయినపల్లి దిక్కు నాకేం పని వజ్రక్కా?"

"ఏం లేదు. నీ నోట్లె నువ్వుగింజ నానదు గదా, అందుకని అడిగిన."

మొగిలవ్వ చేతిలో కత్తెర ఆగింది. "నీ బిడ్డను నా చేతుల మీద ఆడిచ్చిన. దానికి జ్వరమొస్తె నేను గూడ తిండి మానిన. నువ్వు దాన్ని లేదని చెప్పుకున్నవని తెలిసినప్పుడు సుత నేను నోరు దెర్వలేదు. గిప్పుడు నన్ను అనుమానిస్తవా?" అని చాట ఎత్తుకుని తన ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. అలా ఉన్న ఒక్క తోడూ దూరమైంది. అనుమానం మాత్రం ఎక్కడికీ పోలేదు, మైసయ్య మీదకు మళ్లింది. తాగినప్పుడు వాడికి ఒళ్లు తెలియదు కదా మరి!

ఇటు రజని ఇంకో రకంగా సాధిస్తోంది. ఆ రోజు నుంచి తల్లితో మాట్లాడటం లేదు. గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. దారం ఉండ ముట్టుకోదు. రజనికి మాట కాస్త ముద్దగా వస్తుంది, ఏ పనైనా నిదానంగా చేస్తుంది, కానీ పట్టుదలలో ఆమెను మించినవాళ్లు ఆ వాడలోనే లేరు. కట్టలు కట్టేవాళ్లు లేక పని పేరుకుపోతుంటే, వజ్రమ్మ బతిమాలింది, కోప్పడింది, చివరికి ఓ చెంపదెబ్బ కూడా వేసింది. అప్పుడు రజని ఒకే ఒక మాట అన్నది.

"నేను సుట్టాన్ని. సుట్టం పని చెయ్యదు."

ఆ మాట వజ్రమ్మకు తగిలింది. కానీ తప్పు ఒప్పుకునే తీరిక ఎక్కడిది ఆమెకు? పెళ్లి కళ్ల ముందుంది, శత్రువు ఎవరో తేలలేదు. శుక్రవారం జగిత్యాల వెళ్లి ఆ శాంత ఎవరి మనిషో తేల్చుకోవాలని నిశ్చయించుకుంది.

ఒక్కతే వెళ్దామనుకుంది. కానీ శుక్రవారం పొద్దున లేచేసరికి రజని తల దువ్వుకుని, బతుకమ్మ పండక్కి కొన్న ఆకుపచ్చ డ్రెస్సు వేసుకుని, చెప్పులు కూడా తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉంది. శాంత పిలిచింది రజనిని. వజ్రమ్మను కాదు. ఆ సంగతి రజనికి బాగా గుర్తుంది.

బస్సులో తల్లి కిటికీ పక్కన కూతురిని కూర్చోబెట్టి, కొంగు అడ్డంగా పట్టింది. ఎండకని చూసేవాళ్లు అనుకోవాలి. ఎండకు కాదు, చూపులకు. మేడిపల్లి దగ్గర ఎక్కిన ఒకామె వంగి మరీ రజని మొహంలోకి చూసి, వజ్రమ్మను చూసి, నాలుక చప్పరించింది. రజని పుట్టిన నాటి నుంచి ఆ చప్పరింపు వజ్రమ్మకు అలవాటే. అయినా ప్రతిసారీ కొత్తగానే ఒళ్లు మండుతుంది.

"రజనీ, ఇను" అంది గొంతు తగ్గించి. "గాడ ఎవలన్న అడిగితె, నన్ను పెద్దమ్మ అను. గా ఒక్క పూట. మల్ల ఇంటికొచ్చినంక నీకు ఐస్‌క్రీం కొనిస్త."

రజని కిటికీలోంచి చూస్తూ ఉంది. ఐస్‌క్రీం అన్నా తిరగలేదు. అప్పుడైనా వజ్రమ్మ భయపడాల్సింది.

మీటింగు జగిత్యాల పాత బస్టాండుకు దగ్గరలో ఒక చిన్న ఫంక్షన్ హాలులో. మెట్లెక్కి లోపలికి అడుగుపెట్టగానే వజ్రమ్మ కాళ్లు ఆగిపోయాయి. లోపలున్న వాళ్లందరూ ఒక కాలికి ఒక రంగు, ఇంకో కాలికి ఇంకో రంగు మేజోళ్లు వేసుకుని ఉన్నారు. చీరల కింద మేజోళ్లు, లుంగీ కట్టుకున్న ముసలాయన కాళ్లకు మేజోళ్లు! అదీ మార్చి నెల ఎండలో. ఇదేదో కొత్త మతం కాబోలు, మందు పెట్టి కలిపేసుకుంటారేమోనని ఆమె భయపడింది. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"భయపడకు అమ్మా" అన్నది తలుపు దగ్గరున్న ఒక నడివయసు ఆమె. "గియ్యాల మన పిల్లల రోజు. దునియా మొత్తంల గిట్లనే ఏస్కుంటరట. చూసినోళ్లు ఎందుకని అడుగాలె, అడిగితె మనం చెప్పాలె. గందుకు." అంటూ ఒక బుట్ట చాపింది. రజని చెయ్యి విడిపించుకుని, బుట్టంతా కెలికి, ఒక గులాబీ రంగుది, ఒక పసుపుది ఏరుకుంది. అక్కడే కింద కూర్చుని, నిదానంగా తొడుక్కుంది. తల్లికి ఏరలేదు.

తలెత్తి చూసి, రజని అలాగే ఉండిపోయింది. ముందు వరుసలో ఒకమ్మాయి ఉంది, తనలాంటి కళ్లు. దాని పక్కన చిన్నపిల్లాడు, తనలాంటి ముక్కు. వేదిక మీద మైకు దగ్గర ముప్పై ఏళ్లతను నిలబడి ఉన్నాడు. పొట్టి మెడ, గుండ్రటి మొహం, పక్క పాపిడి. రజని తన చెంపను తాను తడుముకుంది.

"అమ్మా, గా అన్న నా లెక్కనే ఉన్నడు" అంది. పంతం పట్టిన తర్వాత తల్లితో ఆమె మాట్లాడిన మొదటి మంచి మాట అదే. కానీ వజ్రమ్మ వినలేదు. ఆమె కళ్లు హాలంతా బోయినపల్లి మొహాల కోసం వెతుకుతున్నాయి. ఒక మూల లోకల్ చానల్ కుర్రవాడు స్టాండు మీద కెమెరా పెట్టి తీస్తున్నాడు. ఆమె చప్పున స్తంభం వెనక్కి జరిగింది.

వేదిక మీద అతను మాట్లాడుతున్నాడు. ఒక్కో మాట లోపల్నించి లాగి బయట పెడుతున్నట్టు, మధ్యమధ్య ఆగుతూ. హాలులో ఎవరూ తొందరపెట్టలేదు, ఎవరూ మాట అందివ్వలేదు.

"నా పేరు చందు. నేను బేకరీల పని జేస్త. పోయినేడు ఢిల్లీ పోయిన. మా సంఘం మీటింగు. అన్ని రాష్ట్రాలోళ్లు వచ్చిండ్రు. పెద్ద సార్లు వచ్చిండ్రు. వాళ్లు మా అమ్మను అడిగిండ్రు, మీ కొడుకుకు ఏం గావాలె అని. నేను మైకు గుంజుకున్న." హాలంతా నవ్వింది. చందు నవ్వు ఆగేదాకా ఉన్నాడు. "నన్ను అడుగుండ్రి అన్న. నాకేం గావాల్నో నాకు తెల్సు."

రజని చప్పట్లు కొట్టింది, అందరికంటే గట్టిగా, అందరూ ఆపిన తర్వాత కూడా.

అప్పుడే వేదిక పక్క నుంచి శాంత వచ్చి చందు భుజం మీద చెయ్యి వేసింది. ఆమె అతని తల్లి. వజ్రమ్మకు ఒక్క నిమిషం అనుమానం వదులైంది. మరుక్షణమే మళ్లీ బిగుసుకుంది. వీసా ఏజెంట్లు కూడా అంతే కదా! ముందు గల్ఫ్ వెళ్లి బాగుపడి వచ్చినవాణ్ణి ఒకణ్ణి తెచ్చి కూర్చోబెడతారు. వాడి చేతి గడియారం చూపిస్తారు. తర్వాతే అసలు బేరం. ఊరి మగవాళ్లు ఎంతమంది అలా మోసపోయారో ఆమెకు తెలుసు. కొడుకుని ముందు పెట్టి ఈమె ఏం బేరానికి దిగబోతోందో!

చాయ్ ఇచ్చేటప్పుడు శాంతే దగ్గరికి వచ్చింది. "వచ్చినవా అక్కా! రజని ఏది?" అంది సంతోషంగా.

వజ్రమ్మ చాయ్ తీసుకోలేదు. చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికి లాక్కుపోయింది.

"నిజం చెప్పు. బోయినపల్లోళ్లు పంపిండ్రా నిన్ను?"

"బోయినపల్లా? గాడ నాకెవ్వలు తెల్వదు."

"మరి మొగిలవ్వ చెప్పిందా?"

"గామె ఎవలు?"

"మా తమ్ముడా? మైసయ్య? కల్లు కంపౌండుల ఏమన్న వాగిండా?"

శాంతకు నవ్వొచ్చింది గానీ, ఎదుటామె మొహం చూసి ఆపుకుంది. "నీకెంతమంది మీద అనుమానమున్నది అక్కా? నేను ఎవ్వల మనిషిని గాదు. మా చందు పుట్టినప్పుడు నేను గూడ నీ లెక్కనే దాసిపెట్టిన. మా అత్త గ్రహణం పట్టిందన్నది, నేను నమ్మిన. మా పాపమేదో తలిగిందనుకున్న. హైదరాబాదు డాక్టరమ్మ చెప్పేదాక తెల్వదు, ఇది ఎవ్వల పాపం గాదని. మన ఒంట్ల ఉండే క్రోమోజోములల్ల ఒకటి ఎక్కువ ఉంటది వీళ్లకు, గంతే. దానికి డౌన్ సిండ్రోమ్ అని పేరు. రోగం గాదు. నీ కొడుకు పెండ్లికి దీనికి సంబంధం..."

"నా కొడుకు పెండ్లి సంగతి నీకెట్ల తెల్సు?"

వజ్రమ్మ గొంతు పెరిగింది. శాంత నోరు జారినందుకు నాలుక కరుచుకుంది. దొంగ దొరికిందని వజ్రమ్మకు అనిపించింది.

"పెండ్లి అన్న మాట నేను నీకు చెప్పలే. రజని పేరు నేను నీకు చెప్పలే. ఎవలు చెప్పిండ్రు? చెప్పకపోతె గిదే మెట్ల మీద లొల్లి పెడ్త. అందర్ని పిలుస్త."

"పేరు చెప్పద్దని నా దగ్గర మాట తీసుకున్నడు అక్కా."

"తీసుకున్నడా? అంటె మొగోడు. ఎవడు వాడు?"

మాట ఇచ్చిన మనిషి మాట తప్పుతున్నందుకు పడే బాధ శాంత మొహంలో కనబడుతూనే ఉంది. "నీ కొడుకే" అంది. "దివాకర్."

వజ్రమ్మ నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? ఎవరి పెళ్లి కోసం కన్నకూతుర్ని కాదందో, వాడే పరాయివాళ్లకు గుట్టు చెప్పాడంటే ఏ తల్లి నమ్ముతుంది?

"అబద్ధం. వానికి నువ్వు ఎవలో తెల్వదు."

"మా సంఘం నంబరు సంపాదించి ఫోన్ చేసిండు. చానసేపు మాట్లాడిండు. 'మా అమ్మ తర్వాత మా చెల్లెను ఎవలు చూస్తరు? దానికి చట్టంల ఏమన్న ఉన్నదా? ఎవల్నన్న రాసిపెట్టొచ్చునా?' అని అడిగిండు. ఉన్నది, సంరక్షకులను పెట్టుకోవచ్చు, నువ్వే ఉండొచ్చు కదా అన్న. అప్పుడు..."

"అప్పుడేమన్నడు?"

"'నేను లేకుంటె?' అన్నడు."

మెట్ల కింద ఆటోల హారన్లు. పైన హాలులో ఎవరో పిల్లవాడు పాట అందుకున్నాడు. వజ్రమ్మకు ఏదీ వినబడలేదు. పెళ్లి పెట్టుకున్న పిల్లవాడు 'నేను లేకుంటే' అని ఎందుకంటాడు? ఖతర్‌లో ఉన్నవాడు, మంచి కంపెనీలో ఉన్నవాడు! వారం వారం మాట్లాడుతూనే ఉన్నాడు. మొహం చూద్దామంటే వీడియో సరిగా రావడం లేదంటాడు, గొంతు మాత్రం హుషారుగానే ఉంటుంది. ఏ నంబరు నుంచి చేశాడో చూపించమని శాంతను అడిగింది. శాంత తన ఫోన్ తీసి చూపించింది. వజ్రమ్మకు చదువు రాదు కానీ, కొడుకు నంబరు వెంట వచ్చే ఆ పరాయి దేశపు అంకెల వరస ఆమెకు కొండగుర్తు. వాట్సాపులో ఎప్పుడూ అదే కనబడుతుంది. ఇక్కడ ఆ వరస లేదు.

"ఇది వాంది గాదు."

"ఇది మన దేశం నంబరే అక్కా. నేను గూడ సెలవు మీద వచ్చిండేమో అనుకున్న."

"సెలవు మీదొస్తె ఇంటికి రాడా?"

జవాబు వెనక నుంచి వచ్చింది.

"అన్న నాకు చెప్పిండు."

రజని ఎప్పటి నుంచి ఆ తలుపు దగ్గర నిలబడి ఉందో! ఒక కాలికి గులాబీ, ఒక కాలికి పసుపు. చేతిలో సగం తిన్న బిస్కెట్టు.

"ఏం చెప్పిండే? ఎప్పుడు చెప్పిండు?"

"నువ్వు ఫోన్ ఇంట్ల పెట్టి కార్ఖానకు బీడీలిచ్చుటానికి పోతవు గదా. అప్పుడు ఫోన్ చేస్తడు. వీడియోల కనిపిస్తడు. నాకు రోజు కనిపిస్తడు. అమ్మకు చెప్పకు అన్నడు. నేను చెప్పలే."

వజ్రమ్మ తడబడింది. రాని వీడియో కూతురికి ఎలా వస్తోంది? ఈ పిల్ల కడుపులో మాట దాచుకోగలదని ఆమె ఏనాడూ అనుకోలేదు. ఏమీ తెలియనిదని దీని ముందే అన్నీ మాట్లాడుకునేవాళ్లు. ఇల్లంతా వెతికిన రహస్యం దీని దగ్గరే ఉంది!

"ఏడున్నడు వాడు? నా తల్లి గదా, చెప్పు."

"చెప్ప."

"ఎందుకు చెప్పవు?"

"నువ్వు నాకు ఏమైతవు?" అంది రజని. కళ్లలో నీళ్లు లేవు, కోపం ఉంది. "పెద్దమ్మవా? పెద్దమ్మకు చెప్ప. మా అమ్మకు చెప్త."

"నేనే మీ అమ్మను గదనే!"

"గాడ చెప్పు." రజని హాలులోకి చెయ్యి చూపించింది. వేదిక మీది మైకు వైపు. "చందన్న లెక్క చెప్పు. అందరు ఇనాలె."

వజ్రమ్మ హాలులోకి చూసింది. మైకు ఉంది, జనం ఉన్నారు, ఆ మూల కెమెరా కూడా ఉంది. అక్కడ పలికిన మాట సాయంత్రానికి ఫోన్లలో తిరుగుతుంది. బోయినపల్లికి చేరడానికి ఎంతసేపు? ఇంత కాలం కొంగు చాటున దాచిందంతా ఒక్క మాటతో పోతుంది. నవ్య తండ్రి మరుసటి రోజే కబురు పంపిస్తాడు. ఇటు చూస్తే, కొడుకు ఎక్కడ ఉన్నాడో చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి చేతులు కట్టుకుని ఎదురుచూస్తోంది.

ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. వజ్రమ్మ నడిచింది కొడుకు కోసమే. వేదిక ఎక్కేదాకా ఆమె మనసులో కొడుకే ఉన్నాడు. కానీ మైకు పట్టుకుని, ఎదురుగా ముందు వరుసలో వచ్చి కూర్చున్న రజనిని చూసేసరికి, ఆమెకు కొడుకు సంగతి గుర్తు రాలేదు.

"నా పేరు వజ్రమ్మ" అంది. మైకు కీచుమంది. "కోరుట్ల మాది. బీడీలు చేస్త. గిది నా బిడ్డ. రజని. నా కడుపుల పుట్టింది." మైకు దగ్గరికి లాక్కుంది. "పోయిన వారం ఇంటికొచ్చినోళ్లకు నా బిడ్డ గాదని చెప్పిన. అది ఇన్నది. అంతకుముందు గూడ శాన మందికి చెప్పిన. ఏం చేయాలె, భయం. దీన్ని చూస్తె నా కొడుకుకు పిల్లనియ్యరని భయం. గిప్పుడు చెప్తున్న. నాకు ఇద్దరు పిల్లలు. పెద్దోడు దివాకర్, చిన్నది రజని. ఇగ ఎవలేమనుకున్న సరే."

హాలులో ఉన్న తల్లుల్లో ఎంతమంది అదే అబద్ధం ఎన్నిసార్లు చెప్పి ఉంటారో, కొందరు కళ్లొత్తుకున్నారు. చందు లేచి చప్పట్లు మొదలుపెట్టాడు.

రజని వేదిక ఎక్కింది. తల్లి కొంగు తీసి తల్లి మొహం తుడిచింది. ఇచ్చిన మాట నిలబెట్టుకునే మనిషి కనుక, అక్కడే, ఆలస్యం చేయకుండా చెప్పేసింది. మైకు ముందరే ఉందన్న సంగతి ఆమెకు పట్టలేదు.

"అమ్మా, అన్న ఖతర్ల లేడు. ఎప్పుడో వచ్చిండు. సిరిసిల్లల ఉన్నడు. సాంచాలు నడుపుతడు. నాకు బట్ట నేసుడు చూపిచ్చిండు. అన్న బక్కగైండు. కాళ్లు గింత లావు వాచినయి."

హాలంతా విన్నది. మూల కెమెరా కూడా విన్నది.

వజ్రమ్మకు వేదిక ఎలా దిగిందో తెలియదు. శాంత కుర్చీ వేసి కూర్చోబెట్టింది, ఎవరో నీళ్లిచ్చారు. సిరిసిల్ల! సముద్రాల అవతల ఉన్నాడనుకుని దేవుడికి దండం పెట్టుకున్న కొడుకు, వేములవాడ బస్సెక్కితే మధ్యాహ్నానికల్లా చేరే ఊళ్లో మరమగ్గాల మధ్య దాక్కున్నాడు. వాట్సాపులో మాత్రం ఖతర్ నంబరే ఉంచుకున్నాడు. ఎందుకు? ఉద్యోగం ఊడిందా? ఖాళీ చేతులతో ఇంటికి రావడానికి మొహం చెల్లలేదా? పెళ్లికి ఒప్పుకున్నది ఏ ధైర్యంతో? ఆ వాచిన కాళ్లేంటి? అందర్నీ అనుమానించింది గానీ ఒక్కణ్ణే అనుమానించలేదు. కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి ఆమెకు. దొరకనీ, ముందు చెంప పగలగొట్టి, తర్వాత అన్నం పెడతాననుకుంది.

"ఫోన్ కలుపు" అంది శాంతతో.

శాంత ఆ నంబరు కలిపి స్పీకరు పెట్టింది. చాలాసేపు మోగింది. ఆగిపోతుందనుకుంటుండగా ఎవరో ఎత్తారు. ముందు మగ్గాల మోత, చెవులు పగిలేలా. ఆ మోతలోంచి ఒక ఆడగొంతు, చిన్న వయసుది.

"హలో, ఎవలు?"

వజ్రమ్మ శాంత వైపు చూసింది. నంబరు తప్పేమోనన్న ఆశ ఇంకా పోలేదు. "దివాకర్ లేడా?"

"లేడు. పొద్దుగాల సాంచ కాడనే పడిపోయిండు. దవాఖానకు తీసుకపోయిండ్రు. ఫోన్ గిక్కడ్నే ఇడిసిపెట్టిండ్రు, నా దగ్గరున్నది. మీరెవలు?"

"ఏ దవాఖాన బిడ్డా? ఏమైంది నా కొడుకుకు? నేను వాళ్లమ్మను."

అవతల మగ్గాల మోత సాగుతోంది. రజని వచ్చి తల్లి భుజం మీద గడ్డం ఆనించి ఫోన్ వైపు చూస్తోంది. ఈసారి వచ్చిన గొంతులో మెత్తదనం లేదు.

"అమ్మవా? ఆయన తనకు ఎవ్వలు లేరన్నడు. ముందుగాల్నే నాకు చెప్పిండు, ఎవలన్న ఫోన్ చేసి అయినోళ్లమంటె నమ్మకు అని. నువ్వు నిజంగ వాళ్లమ్మవేనని నేను ఎట్ల నమ్మాలె?"